నేను చూడని ఊరి తెల్ల నువ్వులు

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు ఒకరిద్దరు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏంది సార్?" అని అడుగుతారు. గొప్ప పనులు నాకు పెద్దగా గుర్తులేవు. చేసిన తప్పొకటి మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుర్తుంది. అది చెప్తే వాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత చాయ్ కప్పు కింద పెట్టి వింటారు. మీకూ అదే చెప్తాను.

డెబ్బైల్లో సంగతి. కరీంనగర్‌లో పంటల గింజలను పరీక్షించే చిన్న ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. బి.ఎస్సీ కెమిస్ట్రీ చదివాను, మార్కులు బాగా వచ్చాయి, దాంతోపాటు కొంచెం పొగరూ వచ్చింది. మాది వరి పండించే ఇల్లు. నువ్వులంటే పచ్చట్లో వేస్తారని తెలుసు, అంతకంటే తెలియదు.

ల్యాబులో మేం నలుగురైదుగురం. వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా పెద్దసారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మాట కటువు, పని శుభ్రం. ఇంకొకరు మా అటెండరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని చాచా అనేవాణ్ణి, ఆయన నన్ను సాబ్ అనేవాడు. సీసాలు కడగడం, గింజలు దంచడం, చీటీలు అంటించడం ఆయన పని. నాకు చుక్కలు కొలిచే బ్యూరెట్ గొట్టాన్ని సరిగ్గా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే, కానీ నేర్పినట్టు ఎన్నడూ చెప్పుకోలేదు.

ఒక ఏడు మాకు నువ్వుల పని వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రైతులు వేసే నువ్వులు మూడు రంగులవి: తెల్లవి, ఎర్రవి, నల్లవి. వాటిలో నూనె ఎంత, మాంసకృత్తులు ఎంత, పీచు ఎంత, సున్నం ఎంత అన్నది తేల్చాలి. సున్నమంటే ఎముకలకు కావలసిన క్యాల్షియం. ఏ రకంలో సత్తువ ఎక్కువ ఉంటే ఆ రకం విత్తనాన్ని పెంచి రైతులకు ఇవ్వాలని, తక్కువ ఉన్నదాన్ని జాబితాలోంచి తీసేయాలని పైవాళ్ళ ఆలోచన.

నమూనాలు తేవడానికి నన్ను పంపారు. ఎర్రవి, నల్లవి రోడ్డు పక్క ఊళ్ళలోనే సులువుగా దొరికాయి. తెల్లవాటికి మాత్రం నిర్మల్ దాటి, ఒక వాగు అవతల ఉన్న ఊరికి పోవాలి. ఆ చుట్టుపక్కల తెల్ల నువ్వులకు ఆ ఊరే పేరు. నేను నిర్మల్‌లో దిగిన రోజే వాన పట్టుకుంది. వాగు నిండుగా పారుతోంది, బస్సు పోదన్నారు. ఒక రోజు ఆగాను. రెండో రోజూ వాగు తగ్గలేదు.

ఇంకో రెండు రోజులు ఆగితే సరిపోయేది. కానీ ఆదివారం సుల్తానాబాద్‌లో నాకు పెళ్లిచూపులు. మా నాన్నను బాపు అంటాం, ఆయన మాట ఇచ్చేశాడు. పోకపోతే మర్యాద పోతుందని ఇంట్లో గట్టిగా చెప్పి పంపారు. నేను లాడ్జిలో కూర్చొని వానను చూస్తూ కాసేపు పరేషాన్ అయ్యాను. తర్వాత గొడుగు తీసుకొని బజారుకు పోయాను. ఒక దుకాణంలో గోనెసంచి నోరు తెరిచి ఉంది, అందులో ముత్యాల్లాంటి తెల్ల నువ్వులు.

"తెల్ల నువ్వులేనా?" అని అడిగాను.

"కండ్లకు కనబడ్తలేదా సారూ?" అని దుకాణదారు నవ్వాడు. 

అవి ఎక్కడివని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక శేరు కొన్నాను. లాడ్జికి వచ్చి చీటీ మీద వాగవతలి ఊరి పేరు రాశాను. తెల్ల నువ్వులు ఎక్కడివైనా తెల్ల నువ్వులే కదా అనుకున్నాను. ఆదివారం పెళ్లిచూపులకు అందుకున్నాను. పిల్ల నాకు నచ్చింది, నేనూ ఆమెకు నచ్చానని తర్వాత తెలిసింది.

ఆ చలికాలమంతా నువ్వులతోనే గడిచింది. గింజల్ని దంచి, కాల్చి బూడిద చేసి, ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి, అందులోని సున్నాన్ని విడదీసి, చివరికి పర్మాంగనేట్ చుక్కలు చుక్కలుగా వదలాలి. ఎక్కడ గులాబీ రంగు వచ్చి నిలబడిపోతుందో అక్కడ ఆపి లెక్క చూసుకోవాలి. ఆ రంగు నిలబడే క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఫలితాలు చూసి నాకు మతి పోయినంత పనైంది. ఎర్ర, నల్ల నువ్వుల్లో సున్నం దండిగా ఉంది. తెల్లవాటిలో దాంట్లో పిసరంత కూడా లేదు. పీచు కూడా తెల్లవాటిలో మరీ తక్కువ. నూనె మాత్రం ఎక్కువ. ఒకే జాతి గింజల్లో రంగును బట్టి ఇంత తేడా ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. పుస్తకాల్లో లేదంటే తప్పు నాదేమోనని అనుమానించాలి. నేను మాత్రం పుస్తకాలు రాసినవాళ్ళకు తెలియనిది నాకు దొరికిందనుకున్నాను.

పెద్దసారు నా కాగితాలు రెండుసార్లు చూశారు. "మూడేసిసార్లు చేశావా?" అని అడిగారు. చేశానన్నాను, అది నిజమే. ఆయన చాలా అరుదుగా నవ్వుతారు, ఆ రోజు నవ్వారు. "బాగుందోయ్. ఇది పైకి పంపిద్దాం," అన్నారు. రిపోర్టు టైపు అయింది. నల్ల నువ్వుల విత్తనం పెంచాలి, ఆ తెల్ల రకాన్ని జాబితాలోంచి తీసేయాలి అని సిఫారసు. ఎండాకాలంలో నిర్మల్‌లో రైతుల సమావేశం పెట్టి ఆ సంగతి ప్రకటించాలని పైనుంచి ఉత్తరం వచ్చింది.

సమావేశం ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున చాచా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సాబ్, ఓ మాట చెప్త. గుస్సా కావొద్దు."

"చెప్పు చాచా."

"గా మిగిలిన తెల్ల నువ్వులు పారబోయమన్నరు గద. పారబోసుడెందుకని ఇంటికి తీస్కపోయిన. మా ఇంట్లామె సూసి నవ్వింది. గివి కడిగి పొట్టు తీసిన నువ్వులంటున్నది. మిఠాయిలల్ల వేసెటియట."

"మీ ఇంట్లామె కెమిస్ట్రీ ఎప్పుడు చదివింది చాచా?" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. కానీ కదల్లేదు. "కెమిస్ట్రీ చదవలే సాబ్. నువ్వులు కడిగింది," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఫలితాల కాగితాలు మళ్ళీ ముందు వేసుకున్నాను. పీచు ఎందుకంత తక్కువ వచ్చిందో, నూనె ఎందుకంత ఎక్కువ వచ్చిందో ఒక్కసారిగా అర్థమైంది. పొట్టు పోతే పీచు పోతుంది. పొట్టు బరువు పోతే నూనె వాటా పెరిగినట్టు కనబడుతుంది. సున్నం కూడా పొట్టులోనే ఉందేమో. నేను తెల్ల రకాన్నీ నల్ల రకాన్నీ పోల్చలేదు. పొట్టున్న గింజనూ పొట్టు లేని గింజనూ పోల్చాను.

అయినా మనసు ఒప్పుకోలేదు. బీరువాలో మూడు రకాలూ కొంచెం కొంచెం దాచిపెట్టి ఉన్నాయి. తడి అద్దుడు కాగితం మీద మూడు వరుసలు పేర్చి, గిన్నె మూతపెట్టి ఉంచాను. పొట్టు తీయని గింజ మొలుస్తుంది, నానబెట్టి పొట్టు ఊడదీసి ఎండబెట్టిన గింజ మొలవదు. మూడో రోజు మూత తీశాను. ఎర్రవాటికీ నల్లవాటికీ చిన్న చిన్న తోకలు వచ్చాయి. తెల్లవి ఒక్కటి కూడా మొలవలేదు. జిగురు పట్టి వాసన వస్తున్నాయి.

చాచా వెనక నుంచి చూస్తున్నాడు. నేనే, "చాచా, నిన్ను అనరాని మాట అన్న," అన్నాను.

"గది ఇడిసిపెట్టున్రి సాబ్. పెద్దసారుకు ఎప్పుడు చెప్తరు?"

"చెప్త."

"నేనైతే ఎవ్వలికి చెప్ప. కని గా సీసాలకు చీటీలు నేనే అంటించిన. నా చెయ్యి సుత ఉన్నది గండ్ల."

చెప్తానన్నాను కానీ చెప్పలేదు. పొద్దున్నే పెద్దసారు గది దాకా పోయేవాణ్ణి. ఆయన ఫోన్లో ఉన్నారని ఒక రోజు, కోపంగా ఉన్నారని ఒక రోజు, మంచి మూడ్‌లో ఉన్నారు పాడుచేయడమెందుకని ఇంకో రోజు వెనక్కి తిరిగాను. ఊరికి పోకుండానే ఊరి పేరు రాశానని ఎట్లా చెప్పడం? లెక్క తప్పితే చెప్పుకోవచ్చు, ఇది లెక్క తప్పడం కాదు. సమావేశం రోజు వచ్చేసింది. జీపులో పెద్దసారు పక్కన కూర్చొని నిర్మల్ దాకా రోడ్డునే చూశాను. నాకు సభ భయం పట్టుకుందని ఆయన అనుకున్నట్టున్నారు. "ఏమోయ్, అంత బిగుసుకుపోయావేం?" అన్నారు.

షామియానా కింద రెండు మూడు వందల మంది రైతులు. పెద్దసారు నల్ల నువ్వుల గొప్పతనం చెప్పి, తెల్ల రకం సంగతికి వచ్చి, ఆ ఊరి పేరు చదివారు. చదివీ చదవగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దామె లేచింది. నలభై ఐదు, యాభై ఏళ్ళుంటాయి. కచ్చ కట్టిన చీర, చేతిలో చిన్న మూట.

"సారూ, గది మా ఊరే. మా నువ్వుల్ల సత్తువ లేదని ఎట్ల జెప్తున్రు?"

పెద్దసారు ఓపికగానే చెప్పారు. "పరీక్ష చేశామమ్మా. మీ ఊరి గింజలే తెచ్చి చేశాం."

"ఎవలొచ్చిన్రు మా ఊరికి? ఏ ఇంట్ల కెళ్ళి తీస్కపోయిన్రు? మాది ఇసుక చెల్క భూమి. గీ తెల్ల నువ్వు తప్ప ఇంకోటి నిలవది. పోయినేడు నల్లయి ఏసి సూస్తిమి, సగం ఎండిపాయె. మీరు లిస్టుల నుంచి తీసేస్తే రేపు బేరగాడు సుత మొకం తిప్పుకుంటడు. మేమేం ఏసుకోవాలె?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దసారు నా వైపు చెయ్యి చూపించారు. "ఇదిగో, ఈయనే వచ్చాడు మీ ఊరికి."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. కోపంతో కాదు, గుర్తు పట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. అదే నన్ను ఎక్కువ బాధించింది.

"నేను ఈ సారును ఎన్నడు సూడలే," అంది. "మాది చిన్న ఊరు. కొత్త మనిషొస్తే కుక్కలకు సుత తెలుస్తది."

జనం నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. మైకు దగ్గరికి పోయాను.

"అవ్వా, నువ్వు చెప్పింది నిజం," అన్నాను. "నేను మీ ఊరికి రాలే. వాగొచ్చిందని వెనక్కి పోయిన. ఇక్కడి బజార్ల కొన్న నువ్వులకు మీ ఊరి పేరు రాసిన. అవి పొట్టు తీసిన నువ్వులు. గందుకే వాటిల్ల సున్నం తక్కువొచ్చింది. మీ నువ్వుల తప్పేం లేదు. తప్పు నాది. తెలిసి పది రోజులైంది, మా సారుకు కూడ చెప్పలే."

పెద్దసారు ముఖం నల్లబడింది. ఆయన నా మీద కేకలు వేస్తారని అందరూ ఎదురుచూశారు. ఆయన రిపోర్టు కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని మైకు అందుకున్నారు.

"ఈ ప్రకటన వెనక్కి తీసుకుంటున్నాం. ఆ ఊరి విత్తనం జాబితాలోనే ఉంటుంది. మళ్ళీ పరీక్ష చేశాకనే ఏ సంగతైనా చెప్తాం," అని కూర్చున్నారు. 

తిరుగు ప్రయాణంలో సోన్ దగ్గర గోదావరి వంతెన దాటాం. అక్కడ పెద్దసారు జీపు ఆపించి దిగారు. నేనూ దిగి కొంచెం దూరంలో నిలబడ్డాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"పీచు అంత తక్కువ ఎందుకొచ్చిందని నేను అడగాల్సింది," అన్నారు చివరికి, నీళ్ళ వైపు చూస్తూ. "ఇరవై ఏళ్ళ అనుభవం పెట్టుకొని అడగలేదు. ఫలితం బాగుందని సంబరపడ్డాను. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది."

నేను ఏదో చెప్పబోయాను.

"నువ్వు మాట్లాడకు. నీకు మెమో ఇస్తాను, తీసుకో. తర్వాత ఆ ఊరికి పో. ఇప్పుడు ఎండాకాలం, వాగు అడ్డమొచ్చిందని చెప్పడానికి కూడా లేదు."

మెమో ఇచ్చారు. జవాబులో జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. ఆ వారంలోనే బస్సెక్కి, ఎండిన వాగులో ఇసుక మీద నడుచుకుంటూ ఆ ఊరికి పోయాను. కుక్కలు నిజంగానే మొరిగాయి. ఆ అరుపులకే, సమావేశంలో లేచి అడిగిన ఆ పెద్దామె బయటికి వచ్చింది.

"వచ్చినవా సారూ?" అని అరుగు మీద కూర్చోబెట్టి చెంబెడు నీళ్ళిచ్చింది. విత్తనానికని దాచిన నువ్వులు వాళ్ళు వేపాకు కలిపి కుండల్లో పోసి మూతికి మట్టి మెత్తుతారు. తన కుండే కాదు, ఇంకో రెండిళ్ళకు తీసుకుపోయి వాళ్ళ కుండలూ తెరిపించింది. నేను నా చేతులతో తీసి సంచుల్లో పోసుకున్నాను. 

"మొన్న ఊరు సూడకుంటనే ఊరి పేరు రాస్తివి. ఇప్పుడు మమ్ముల జూసినవ్ గద, మా పేర్లు సుత రాస్కో," అంది. రాసుకున్నాను. ఏ చెల్కలో పండింది, ఎప్పుడు కోశారు, కడిగారా లేదా, అన్నీ రాసుకున్నాను. తర్వాత సర్వీసులో ఏ నమూనా తెచ్చినా అవన్నీ రాయకుండా సంచి మూతి కట్టలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, నువ్వుల పొడి పెట్టింది. తింటుంటే అడిగింది, "గంత తొందరేమొచ్చింది సారూ, రెండు పొద్దులు ఆగకపోతివి?" దాచడానికి ఇక ఏముంది? పెళ్లిచూపుల సంగతి చెప్పాను. 

"పిల్ల నచ్చిందా మరి?"

"నచ్చింది అవ్వా. పెండ్లి గూడ అయింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అయితే మా నువ్వులను బదనాం జేసి నువ్వు ఇల్లు కట్టుకున్నవన్నట్టు," అంది. ఇంకో రొట్టె వేసింది. ఆ నవ్వుతో నా గుండె మీది బరువు సగం దిగింది.

మళ్ళీ మొదటి నుంచి పని. ఈసారి నాకొక ఆలోచన వచ్చి పెద్దసారును అడిగాను. మూడు రకాల్నీ పొట్టుతో పరీక్షిద్దాం, పొట్టు తీసి కూడా పరీక్షిద్దాం అని. పొట్టు తీయడం మా ఎవరికీ రాదు. చాచా ఇంటికి పోయి ఆయన భార్యను అడిగాను. ఆమె తలుపు చాటు నుంచే ముందు కొంచెం సేపు నవ్వింది, తర్వాత ఒప్పుకుంది. నానబెట్టిన గింజల్ని తడిపిన గోనెపట్ట మీద పోసి అరచేతులతో రుద్ది, నీళ్ళలో వేసి తేలిన పొట్టును వంచేసి, మళ్ళీ రుద్ది, ఎండబెట్టి ఇచ్చింది. 

మూడు రకాల్నీ ల్యాబు బల్ల మీద మూడు కుప్పలుగా పోశాం. పెద్దసారు వచ్చి చూశారు. మూడూ తెల్లవే. నల్ల నువ్వుల నలుపంతా గోనెపట్టకు అంటుకుపోయింది.

"ఏది ఏదో చెప్పగలవా?" అని నన్ను అడిగారు. చెప్పలేకపోయాను. చాచా వంక చూశారు. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. కుప్పల కింద పెట్టిన చీటీలే దిక్కు.

ఫలితాలూ ఆ కుప్పల్లాగే ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. పొట్టుతో చూస్తే ఆ ఊరి తెల్ల నువ్వుల్లోనూ సున్నం దండిగానే ఉంది, నల్లవాటి కంటే కొంచెం మాత్రమే తక్కువ. నూనె కొంచెం ఎక్కువ. పొట్టు తీస్తే మూడింటిలోనూ సున్నం దాదాపు కొట్టుకుపోయింది. అంతేకాదు, పొట్టులో ఉన్న సున్నం చాలావరకు ఆగ్జాలిక్ ఆమ్లంతో ముడిపడి ఉంటుందని, అట్లా ఉన్నది ఒంటికి సరిగా పట్టదని పెద్దసారు పాత పుస్తకాలు వెతికి చూపించారు. అంటే నల్లవి గొప్ప, తెల్లవి చెడ్డ అని మేం చెప్పబోయినంత తేలిక సంగతి కాదు. రకాల మధ్య తేడాలున్నాయి. కానీ వంటింట్లో చేతులు చేసే తేడా ఇంకా పెద్దది.

కొత్త రిపోర్టు రాశాం. చివరి పేజీలో నమూనాలు తయారు చేసినవాళ్ళ పేర్ల దగ్గర చాచా పేరు, ఆయన భార్య పేరు రాశాను. టైపిస్టు, "అటెండర్ల పేర్లు ఎక్కడన్న రాస్తరా సార్?" అని పెద్దసారు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన సంతకం పెట్టి తిరిగి ఇచ్చారు.

కార్బన్ కాపీ ఒకటి తీసుకొని సాయంత్రం చాచా ఇంటికి పోయాను. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. చాచా తన పేరు వచ్చిన చోట వేలు పెట్టించుకొని చూసుకున్నాడు. ఆయన భార్య తలుపు దగ్గర కూర్చొని మొత్తం విన్నది. అయిపోయాక అడిగింది.

"గోనెపట్ట అని రాసిన్రా?"

"లేదమ్మా. నానబెట్టి పొట్టు తీయాలి అని రాసినం."

"గట్ల రాస్తే ఎట్ల? ఉత్త చేతులతోని రుద్దితే పొట్టు రాదు. సదివినోళ్ళు పరేషాన్ అయితరు," అంది. 

మరునాడు పొద్దున్నే పెద్దసారు గదికి పోయాను, ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. ఇంకా పైకి పంపని రిపోర్టు మూడో పేజీలో, టైపు చేసిన వరుసల మధ్య ఇరుకు చేసుకొని, నానిన గింజలను తడి గోనెపట్ట మీద రుద్దాలి అని చేత్తో రాశాను. ఆయన చదివి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.